పాత ట్రక్కు బల్లసీటును మరల కట్టుట

విద్యార్థులారా, మన పాఠశాల ఆవరణమున వేపచెట్టు క్రింద నిలిచియుండు పాత ట్రక్కును మీలో నెరుగనివారు లేరు. వసతిగృహమునకు బియ్యము, కట్టెలు, కూరగాయలు తెచ్చునదియు, రాత్రివేళ జ్వరము తగిలిన పిల్లలను పట్టణపు ఆసుపత్రికి చేర్చునదియు నదియే. దాని ఇంజను ముసలిదైనను మాట వినును. సీటు మాత్రము కొన్ని యేండ్లనుండి మాట వినుట మానినది. నడుపువాడును, మరి యిద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండుటకు ఈ చివరనుండి ఆ చివరవరకు ఒకే పలకగా నుండుటచేత దీనిని మనవారు బల్లసీటందురు. ఒక మూల క్రుంగినయెడల ముగ్గురును ఆ మూలకే జారుదురు.

గడచిన వర్షకాలమున ఏడవ తరగతి బాలిక నొకతెను ఆసుపత్రికి గొనిపోవుచుండగా, తెగిన స్ప్రింగు కొన రెగ్జినును చీల్చుకొని పైకివచ్చి, ఆ బాలికను ఒడిలో నుంచుకొనియున్న వార్డెనమ్మగారి తొడకు లోతుగా గ్రుచ్చుకొనెను. ఒక రోగితో బయలుదేరిన బండి యిద్దరు రోగులతో ఆసుపత్రి చేరెను. ఆ మరునాడే బండిని తుక్కుక్రింద అమ్మివేయుదుమా యను ప్రశ్న పుట్టినది. ఇంజనును చక్రములును బాగుగనుండగా సీటుకొరకు బండిని పారవేయుట, చెప్పుతెగెనని కాలు తీసివేయుటవలె నుండునని నేను మనవిచేసితిని. అట్లయిన సీటును నీవే బాగుచేయుమనిరి. నోరుజారినవాని గతి యిట్లే యుండును. వేసవి సెలవులలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు తొమ్మండుగురు నాతో చేరిరి. పాలమూరు బజారులో నలువదియేండ్లుగా కుషను పనిచేయుచున్న వృద్ధుడొకాయన సాయంకాలములు వచ్చి మాకు చేయి పట్టి నేర్పుటకు ఒప్పుకొనెను. పిల్లలాయనను చాచా అని పిలిచిరి. నేనును అట్లే పిలువసాగితిని.

పని చెప్పకముందు ఆ సీటు పుట్టుకను గూర్చి కొంచెము తెలిసికొనుడు. ఫోర్డు కంపెనీవారు 1925వ సంవత్సరమున తమ మోడల్ టీ కారునకు వెనుక చిన్న పెట్టె నమర్చి, కర్మాగారమునందే తయారైన పికప్పు బండిగా అమ్మకమునకు పెట్టిరి. అట్టి బండ్లలో ముందు బల్లసీటే వాడుకయైనది. మన ప్రాంతమున 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ ఇరువదియేడు బస్సులతో ఆరంభమైనప్పుడు మోటారుబండి సీటు కుట్టుటయను వృత్తికి గూడ ఇచట ఆదరువు దొరికినది. 1947 మొదలుకొని మహీంద్రావారు విల్లీస్ జీపులను ఈ దేశమున కూర్చుచు వచ్చిరి; క్రమముగా జీపును, జీపు ట్రక్కును పల్లెదారులకెక్కినవి.

సీటులోని సరకులును కాలముతో మారినవి. మొదట తోలు, గుఱ్ఱపు వెండ్రుకలు. పిమ్మట గుడ్డపై నైట్రోసెల్యులోసు పూత పూసిన రెగ్జిను. రెగ్జిను నిజమున నొక ఆంగ్ల వ్యాపారనామము. నేడు బజారున రెగ్జిను పేర అమ్మునది సాధారణముగా పీవీసీ పూసిన గుడ్డ. పేరు నిలిచినది, సరకు మారినది. పీవీసీని మెత్తగా సాగునట్లు చేయు ఉపాయమును 1926లో అమెరికాలో వాల్డో సెమన్ కనుగొనెను. రబ్బరుపాలనుండి నురుగుదిండును 1929లో డన్‌లప్ వారును, నేటి ఫోమునకు మూలమైన పాలియురేతేను రసాయనమును 1937లో జర్మనీలో ఆటో బేయరును సాధించిరి. మన సీటును విప్పినప్పుడు ఈ చరిత్రలో కొంత భాగము పొరలుపొరలుగా మా ముందు పడినది: పైన పగిలిన రెగ్జిను, దానిక్రింద పొడియై రాలుచున్న ఫోము, దానిక్రింద కొబ్బరిపీచు, గోనెపట్ట, అడుగున త్రుప్పుపట్టిన స్ప్రింగులు, వానినడుమ ఎలుకల గూడు, ఒక అణా నాణెము, ఎవరిదో పంతొమ్మిదివందల యెనుబదులనాటి చీటీ.

మొదటి దినమున సీటును బండినుండి విడదీసితిమి. నాలుగు బోల్టులుండవలసినచోట రెండే యున్నవి! ఇన్నియేండ్లు ముగ్గురు మనుష్యులు రెండు బోల్టులపై ప్రయాణము చేసిరని తెలిసి డ్రైవరుగారు కొంతసేపు మాటలాడలేదు. త్రుప్పుపట్టిన బోల్టుపై కిరసనాయిలు పోసి రాత్రియంతయు నాననిచ్చి యుదయమున విప్పవలెను. తొందరపడినచో తల తెగి బోల్టు లోపలనే యుండిపోవును.

పాత తొడుగును చింపివేయుదమని పిల్లలు కత్తులతో సిద్ధపడిరి. చాచా వారించెను. "చింపకుండ్రి బిడ్డా, గదే మన నక్షా," అనెను. నిజమే. పాత తొడుగు ఎంత పాడైనను కొలతబద్దకంటె నమ్మదగినది. కుట్లను బ్లేడుతో ఒక్కొక్కటిగా కోసి, ప్రతి ముక్కమీదను సుద్దతో సంఖ్య వేసి, ఏది ముందు, ఏది వెనుక, ఏది కుడి, ఏది యెడమ, ఏది నడిమిగీత యని వ్రాయవలెను. రెండు ముక్కలు కలియుచోట ఎదురెదురుగా చిన్న గుర్తు పెట్టవలెను. ఈ పనిలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మమ్మందరిని మించినది. ఆమె తల్లి దర్జీపని చేయును. మిషను త్రొక్కుట మగపిల్లలపనియని వాదించినవారు కలరు గాని, గుర్తులు సరిపోక వారు కుట్టిన మొదటి నమూనా మెలితిరిగి గుమ్మడికాయవలె తయారైన పిమ్మట వాదము దానంతట అదియే సద్దుమణిగినది.

ఇనుపచట్రమును తీగకుంచెతో గీకి, గరుకుకాగితముతో రుద్ది, రెడాక్సైడు పూసి, ఆరిన పిమ్మట నల్లరంగు వేసితిమి. విరిగిన రెండుచోట్ల వెల్డింగు చేయించితిమి. ఫోము, రబ్బరు సొల్యూషను, పాత పీచు ఇవి యన్నియు దూరముగా తీసివేసినపిమ్మటనే నిప్పు దగ్గరకు రానిచ్చితిమి. ఫోము అంటుకొన్నయెడల దాని పొగ ప్రాణాపాయకరమని మరువవలదు.

స్ప్రింగుల విషయము భౌతికశాస్త్ర పాఠమే. అరువది కిలోగ్రాముల బరువుగల మనిషి కూర్చున్నప్పుడు క్రింద పన్నెండు స్ప్రింగులు సమముగా పనిచేసిన ఒక్కొక్కదానిపై అయిదు కిలోగ్రాములు పడును. మూడు విరిగినచో మిగిలిన తొమ్మిదిలో ఒక్కొక్కదానిపై ఆరున్నరకు మించి పడును. విరిగినవాని ప్రక్కనున్నవి ఇంకను ఎక్కువ మోయును. అందుచేత అవియును తొందరగా విరుగును. ఒకటి విరిగిన వెంటనే మార్చిన సీటు నిలుచును, మూడు విరుగువరకు చూచిన మొత్తము పోవును. స్ప్రింగును స్ప్రింగుతో తీగకొక్కెములచేత ముడివేయుటకు కారణమిదియే: ఒక్కటి ఒంటరిగా క్రుంగక, చుట్టునున్నవానిని తోడు పిలుచును. పాత సీట్లనుండి అదే యెత్తుగల స్ప్రింగులను ఏరి తెచ్చితిమి. ఎత్తులో వేలెడు తేడా యున్నను కూర్చున్నవానికి తెలిసిపోవును.

ఇక గోనెపట్ట. స్ప్రింగులపై నేరుగా పీచును పరచినచో తీగ పీచును కోయును. కాన నడుమ గట్టి గోనెపట్టను బిగించి చట్రమునకు పురికొసతో కుట్టవలెను. దీనికి సాధారణమైన సూది చాలదు. దబ్బనమైనను కావలెను, లేదా ఆరె కావలెను. ఇచ్చటనే మా పనికి ఊహింపని అడ్డము వచ్చెను.

చాచా తన సంచినుండి ఆరెను తీసి ఒక బాలునికి అందించెను. బాలుడు చేయి చాపలేదు. ప్రక్కవానికి అందించెను, వాడును తల వంచుకొనెను. పిల్లలకు సిగ్గు, ఏల సిగ్గో వారు చెప్పరు గాని నాకు తెలియును. మన పల్లెలలో ఆరె, రంపె యెవరి యింట నుండునో చిన్నపిల్లవాడుకూడ చెప్పును. ఆ పనిముట్టు చేతబట్టినవానిని ఊరు ఏ పేరుతో పిలిచెనో, ఏ బావివద్ద నిలువనిచ్చెనో, ఏ బావివద్ద నిలువనీయలేదో పెద్దలు మరువలేదు. మరునాడొక తండ్రిగారు వచ్చి, "సారూ, మా పిల్లగాన్ని చదువుకొమ్మని పంపినం, మళ్ల గా పనికే తోలుతరా?" అని అడిగిరి. ఆయన కోపమున న్యాయము లేదని నేననను. ఆ పనిముట్టును విడిచిపెట్టుటకే వారి యింటివారు మూడుతరములు కష్టపడిరి. నేను బదులు చెప్పలేకపోతిని. వారు బాలుని ఇంటికి గొనిపోయిరి.

ఆ రాత్రి మా యింట పెట్టెను తెరచి మా తాతగారి ఆరెను బయటకు తీసితిని. ఆయన నల్లగొండ సీమలో లందలో తోలు నానవేసి, తంగేడుచెక్కతో పదునుచేసి, మోటకు తోలుబొక్కెనలు కుట్టెడివారు. మోటబావినుండి లేచిన ప్రతి బొక్కెన నీటిలో ఆయన కుట్టు ఉండెను. ఆ నీటితో పండిన వరి ఊరంతయు తినెను. కుట్టు ఒక్కచోట వదలినను ఎద్దులు లాగిన నీరు మరల బావిలోనే పడును గదా. ఆ పిడి ఆయన బొటనవ్రేలి ఒరపిడికి అరిగి పల్లమైనది. మరునాడు దానిని పాఠశాలకు తెచ్చి బల్లపై నుంచి, ఎవరికిని ఏమియు చెప్పక, నేనే గోనెపట్ట కుట్టుటకు కూర్చుంటిని. నా కుట్టు వంకరగా పోయెను. చాచా నవ్వెను. కొంతసేపటికి పదవతరగతి బాలుడొకడు వచ్చి, "ఇటివ్వండి సార్, మీరు ఎక్కువ దూరం పొడుస్తున్నారు," అని ఆరెను నా చేతినుండి తీసికొనెను. వాడెవరి మనుమడో నేను అడుగలేదు. వాని కుట్టు తిన్నగా నుండెను. మూడవ దినమున ఇంటికి వెళ్ళిన బాలుడును తిరిగివచ్చెను. వాని తండ్రిగారు ఈ పుటలను చదువుదురని నాకు తెలియును. వారడిగిన ప్రశ్నకు నాయొద్ద ఇప్పటికిని పూర్తియైన సమాధానము లేదు.

గోనెపట్టమీద కొబ్బరిపీచు పలక, దానిమీద ఫోము. ఫోమును కొనునప్పుడు మందమును మాత్రమే చూడరాదు, సాంద్రతను అడుగవలెను. ఘనమీటరునకు నలువది కిలోగ్రాముల సాంద్రతగలది కూర్చుండు సీటుకు తగును. తేలికరకము కొన్నినాళ్లు మెత్తగానుండి పిమ్మట పల్లమై లేవదు. ఫోమును నమూనాకంటె అర అంగుళము పెద్దదిగా కోసినచో తొడుగు బిగువుగా నిలుచును. సొల్యూషను పూయుట ఆరుబయటనే జరుగవలెను. గదిలో పూసిన ఇద్దరు పిల్లలకు తలనొప్పి వచ్చినది.

ఇక నా తప్పును చెప్పుకొందును. పాత సీటులో ఫోము రెండంగుళములే యుండెను. సుఖము ఎక్కువ కావలెనని నేను నాలుగంగుళములది తెప్పించి అంటింపించితిని. చాచా వద్దనెను, నేను వినలేదు. గుడ్డ కోయకముందు సీటును బండిలో నుంచి డ్రైవరుగారిని కూర్చుండబెట్టవలసినదేయని ఆయన పట్టుబట్టెను. డ్రైవరుగారు పొట్టివారు. కూర్చున్నంతనే వారి మడమ నేలనుండి లేచినది. క్లచ్చి పూర్తిగా దిగక గేరు కీచుమనెను. బ్రేకుపై కాలు పెట్టుటకు వారు ముందుకు జారవలసివచ్చెను. పొడుగువాడనైన నేను కూర్చుండగా నా తల కప్పునకు తగిలి, దారి బదులు అద్దము పై అంచు కనబడెను. సీటు మెత్తదనమునకే కాదు, కన్నును రోడ్డునకును, కాలిని బ్రేకునకును తగిన దూరమున నుంచుటకు గూడ ఉన్నదని నాకప్పుడు తెలిసినది. ఫోమును ఊడదీయగా ముక్కలైనది. రెండంగుళములది మరల కొనితిమి. ఆ సొమ్ము నేనిచ్చితిని, అది న్యాయమే.

గుడ్డ లెక్క గణితము చదువుకొనువారికి. సీటు వెడల్పు 50 అంగుళములు, లోతు 19, మందము 5. వీపుపలక 50 వెడల్పు, 20 ఎత్తు, 3 మందము. ప్రతి ముక్కకు కుట్టుకొరకు ఒక్కొక్క వైపున అర అంగుళము చేర్చితిమి. కావున సీటు పైముక్క 51కి 20. ముందువెనుకల పట్టీలు 51కి 6 చొప్పున రెండు. ప్రక్కపట్టీలు 20కి 6 చొప్పున రెండు. వీపునకు 51కి 21 చొప్పున రెండు. దాని మీదిపట్టీ 51కి 4. ప్రక్కలకు 21కి 4 చొప్పున రెండు. వైశాల్యమును కూడిన 4,386 చదరపు అంగుళములు. రెగ్జిను పన్న 54 అంగుళములు. భాగింపగా 81 అంగుళములకు కొంచెము మించి గుడ్డ చాలునని ఒక బాలుడు చెప్పెను. లెక్క సరియే, గాని గుడ్డ నీరువలె ఒదుగునది కాదు. ముక్కలను నేలపై పరచి చూడగా 20, 6, 6, 21, 21, 4 అంగుళముల వరుసలు ఆరును, ప్రక్కపట్టీలకు 6, 4 అంగుళముల వరుసలు రెండును కలిసి 88 అంగుళములైనవి. రెండున్నర మీటర్లు, అనగా 98 అంగుళములు, కొనితిమి. మిగిలిన పది అంగుళములనుండియు, అంచున మిగిలిన మూడంగుళముల పట్టీనుండియు అతుకుల నడుమ కుట్టు బీడింగునకు కావలసిన 228 అంగుళముల పట్టీ వచ్చినది.

కుట్టులో ఒక్క మాట. గుడ్డచొక్కాకు కుట్టునట్లు రెగ్జినునకు సన్నకుట్టు వేయరాదు. రంధ్రములు దగ్గరదగ్గరగా పడినచో తపాలాబిళ్ల అంచువలె అచ్చటనే చిరుగును. అంగుళమునకు ఆరేడు కుట్లు చాలును. నూలుదారము ఎండకు కుళ్లును. పాలియెస్టరు దారము వాడవలెను. తొడుగును ఎక్కించునప్పుడు నడిమిగీతను ముందు పట్టించి, అటునిటు సమముగా లాగుచు అంచులకు పోవలెను. ఒక ప్రక్కనుండి మొదలుపెట్టినచో చివరకు ముడుత మిగులును. లాగుటకు ముందు రెగ్జినును ఎండలో వేసితిమి. మే మాసపు పాలమూరు ఎండలో పావుగంటకే అది మెత్తబడి చెప్పినట్లు సాగినది. ఎండకు ఇంతకంటె మంచి పని ఆ మాసమున నేను చూడలేదు.

నల్లరెగ్జిను అందముగానుండునని పిల్లలనిరి. ఎండలో నిలిపిన బండిలో నల్లసీటుపై కూర్చున్నవాడు మరల ఆ మాటయనడు. లేతగోధుమరంగు తీసికొంటిమి. రెగ్జిను చెమటను పీల్చదు గావున, పైన పరచి నాడెలతో కట్టుకొను నూలుజంపకానా తొడుగును విడిగా కుట్టితిమి; దానిని వారమువారము ఉతుకవచ్చును.

చివరకు పాత బండిలో లేనిది యొకటి చేర్చితిమి. అది నడుముపట్టీ, అనగా సీటుబెల్టు. భుజమును నడుమును కలిపి పట్టు మూడుమొనల బెల్టును 1959లో వోల్వో కంపెనీయందు నిల్స్ బోలిన్ రూపొందించెను. గంటకు నలువది కిలోమీటర్ల వేగముతో పోవు బండి చెట్టును తాకిన, లోపలి మనిషి సెకనునకు పదునొకండు మీటర్ల వేగముతో ముందునకు పోవును. ఇది ఆరు మీటర్లకు పైయెత్తునుండి, అనగా ఇంచుమించు రెండంతస్తుల మిద్దెపైనుండి, పడినవాని వేగముతో సమానము. ఒడిలోని పిల్లను ఏ తల్లి చేతులును ఆ వేగమున పట్టి నిలుపలేవు. బెల్టును సీటు చట్రమునకు గాని చెక్కకు గాని బిగింపరాదు. బండి ఉక్కుదేహమునకు, వెనుక గట్టి పలక వైచి, బోల్టులతో బిగింపవలెను. ఇది విద్యార్థుల పని కాదు, నా పనియును కాదు. తెలిసిన మెకానిక్కుచేత చేయించి, చూపించుకొంటిమి. సీటును నాలుగు క్రొత్త బోల్టులతో బిగించితిమి. అంచులవారికి భుజమువరకు, నడుమవానికి నడుమునకు మాత్రము పట్టీ కలదు. మూడే పట్టీలు గనుక ముగ్గురే కూర్చుండవలెను. నాలుగవవాడు ఎంత సన్నగానున్నను ఇక ఎక్కరాదని వార్డెనమ్మగారు ఆజ్ఞాపించిరి. ఆ విషయమున వారికంటె అధికారము గలవారు లేరు.

బోల్టులను నెలకొకసారి స్పానరుతో పరీక్షించుట తొమ్మిదవ తరగతివారి వంతు. పాత తొడుగు ముక్కలను సంఖ్యలతోసహా అట్టపై గీసి కత్తిరించి, విజ్ఞానశాస్త్రపు గది అల్మారాలో మూడవ అరయందు భద్రపరచితిమి. తమ యింటి బండికి బల్లసీటు కట్టుకొనదలచిన తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చును. చాచా ఆరె ఆయనకు తిరిగి యిచ్చితిమి. మా తాతగారిది అదే అరలో, అట్టల ప్రక్కన నున్నది. కావలసినవారు వాడుకొనవచ్చును, మొన మాత్రము తడి తగులనీయవలదు.